రేప్ సీన్ అయిపోయాక ఆ అమ్మాయి ఎటు పోతోంది మన సినిమాల్లో?

సెకండ్‌షో_సుధ:
స్పాయిలర్లున్నాయి, చూడనివాళ్లు ఆగిపోండి. మొన్న ఇంట్లో అందరం కూర్చుని మహారాజా మళ్లీ చూశాం, 2024లో వచ్చిన విజయ్ సేతుపతిది. స్క్రీన్‌ప్లేకి వంక పెట్టలేం. కానీ ఒకటి మింగుడు పడట్లేదు. హీరో కూతురికి జరిగిన ఘోరాన్ని చివరిదాకా దాచి ట్విస్టులా వదిలారు, ఆ అమ్మాయి వచ్చి విలన్ ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది, ఆ ముక్క నాకు చాలా నచ్చింది, కానీ తనకి దక్కింది అంతే, మిగతాదంతా ఇద్దరు తండ్రుల కథ. ఎందుకిలా?

గోదారిగట్టు:
నేనొప్పుకోను అక్కా. ఆ క్లైమాక్స్‌కి థియేటర్లో నా పక్కనోళ్లు ఏడ్చేశారు. అలాంటోణ్ణి హీరో నరికితే చప్పట్లు కొట్టకుండా ఎలా ఉంటాం చెప్పు, బయట కేసులు ఏళ్లకేళ్లు నలుగుతున్నాయి, కనీసం సినిమాలోనైనా శిక్ష పడిందని కడుపు చల్లబడుద్ది. చూపించకపోతే ఆ బాధ జనానికి ఎక్కదు కూడా.

నల్లకోటు:
తమ్ముడూ నాకు ఆ చప్పట్లంటేనే భయం. 2019 డిసెంబర్ 6న దిశ రేప్, హత్య కేసులో నలుగురు నిందితుల్ని షాద్‌నగర్ దగ్గర కాల్చేస్తే పోలీసుల మీద పూలు చల్లారు, గుర్తుందిగా. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ విచారించి, చంపాలనే కాల్చారు, 10 మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలి అంది, ఆ రిపోర్టు 2022లో బయటికొచ్చింది. దాని గురించి ఎంతమంది మాట్లాడారు? విలన్ని లేపేస్తే కథ అయిపోయినట్టే అని తెర మీద చూసీ చూసీ అలవాటైపోయాం.

ఇంకోటి. దేశం మొత్తం నేరాల లెక్కలు రాసే ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో ఏటా రేప్ కేసుల్లో 90 శాతం పైనే నిందితుడు తెలిసినవాడే. పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల కేసు, ఆ ఫైల్ తెరిస్తే బాబాయ్, పక్కింటాయన, ట్యూషన్ సారు. సినిమాలో మాత్రం ఎర్రకళ్ల రౌడీ. ఆ రౌడీని నరికితే ఇంట్లో కూర్చున్నవాడికి ఏం నొప్పి, వాడూ మనతోపాటే చప్పట్లు కొడతాడు.

"చూపించకపోతే ఎక్కదు" అన్నావు. 1991 సెన్సార్ గైడ్‌లైన్స్‌లోనే ఉంది, ఇలాంటి సీన్లు మానుకోవాలి, కథకి తప్పనిసరైతే బాగా తగ్గించాలి, వివరంగా చూపించకూడదు అని.

మ్యాట్నీ_రాణి:
నల్లకోటు గారు చెప్పినదానికి గార్గి చూడండి, 2022, సాయిపల్లవి, తెలుగులోనూ ఉంది. ఒక పాప మీద జరిగిన రేప్ కేసులో నలుగురు కుర్రాళ్లతోపాటు ఐదోవాడిగా హీరోయిన్ వాళ్ల నాన్నని పట్టుకెళ్తారు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, నెమ్మదైన మనిషి. ఆయన్ని విడిపించడానికి కూతురు సినిమా అంతా కాళ్లరిగేలా తిరుగుతుంది, మనమూ ఆయన బయటికి రావాలనే కోరుకుంటాం, చివరికి ఆయన నిజంగానే చేశాడని తెలుస్తుంది. పాప మీద జరిగింది తెర మీద చూపించనే లేదు, అయినా నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. గోదారిగట్టు గారూ, ఇది మీకు ఎక్కదంటారా?

హిందీ పింక్‌లో కూడా ఆ రాత్రి ఏం జరిగిందో టైటిల్స్ పడేటప్పుడు గానీ చూపించరు, అప్పటిదాకా ఆ ముగ్గురమ్మాయిల మాట నమ్ముతావా లేదా అన్నదే మనకి పరీక్ష. దాని తెలుగు రీమేక్ వకీల్ సాబ్‌కి వచ్చేసరికి హీరోకి ఫ్లాష్‌బ్యాకు, ఫైట్లు చేరాయి. నివేదా థామస్ బోనులో అంత బాగా చేసినా బయటికొచ్చి అందరూ మాట్లాడుకుంది హీరో ఎంట్రీ గురించే.

గోదారిగట్టు:
గార్గి చూడలేదండీ, చూస్తాను. కానీ శిక్ష పడాలన్న కోపం తప్పంటే మాత్రం ఒప్పుకోను.

సెకండ్‌షో_సుధ:
కోపం తప్పని ఎవరన్నారు తమ్ముడూ. ఆ కోపం ఆ అమ్మాయిది, హీరో లాగేసుకుంటున్నాడనే నా బాధ. తను కేసు పెట్టడం, మళ్లీ కాలేజీకెళ్లడం, ఊళ్లో తలెత్తుకు తిరగడం, ఇవి కథ కావా? తెలుగులో ఈ మధ్య అలా తీసినవి ఎవరికైనా తెలిస్తే పేర్లు పెట్టండి.