ఐకాన్ బొమ్మ దొరక్కపోతే ప్రోగ్రాం ఆగిపోవాలా, నడవాలా?

కోనసీమ కోడర్

ఎరువుల కొట్లకి బిల్లింగ్ ప్రోగ్రాం రాసిస్తుంటాను, జావా స్వింగ్‌లో (తెరలు, బటన్లు తయారుచేసే జావా భాగం). పోయిన వారం కొత్త వెర్షన్ ఇచ్చాను. నేను కోడ్ రాసుకునే నెట్‌బీన్స్‌లో అన్నీ బాగున్నాయి. కొట్లో జార్ (కోడ్, బొమ్మలు అన్నీ కలిపి కట్టిన ఒకే ఫైల్) మీద డబుల్ క్లిక్ చేస్తే అసలు తెరే రాలేదు. కమాండ్ ప్రాంప్ట్‌లోంచి నడిపితే నల్ పాయింటర్ ఎక్సెప్షన్, అంటే లేనిదాన్ని వాడబోతే వచ్చే ఎర్రర్. జార్‌లో ఫైల్‌ని వెతికే గెట్‌రిసోర్స్ నల్ (ఏమీ దొరకలేదని) ఇచ్చింది, దాన్నే బొమ్మని తెరకెక్కించే ఇమేజ్‌ఐకాన్‌కి అందించాను.

తీరా చూస్తే కోడ్‌లో ప్రింట్ బొమ్మ పేరు అన్నీ చిన్నక్షరాలు, ఫైల్‌కి మొదటి అక్షరం పెద్దది. విండోస్ ఫోల్డర్‌లో ఆ తేడా పట్టించుకోదు, జార్ లోపల పట్టించుకుంటుంది. పేరు మార్చాను, తెరుచుకుంది.

మా పార్ట్‌నర్‌తో వాదన మాత్రం తెగలేదు. "నల్ వస్తే ఖాళీ బొమ్మ పెట్టి ముందుకు పోవాలి, ఇంతోటి ఐకాన్ కోసం కొట్టు ఆపుతామా" అంటాడు. ఆగబట్టే కదా తప్పు ఆ రోజే బయటపడింది అని నేను. మీరేమంటారు?

కౌంటర్ వెనక

నేను కోడ్ రాసేవాణ్ణి కాదండీ, మీలాంటివాళ్ళు రాసింది వాడేవాణ్ణి. మీ పార్ట్‌నర్ మాటే నా మాట. తొలకరి పడ్డ మర్నాడు మా కొట్టు ముందు ఏడింటికే జనం ఉంటారు. ఆధార్ వేలిముద్ర వేయించే పీఓఎస్ మిషన్‌తోనే ఒక్కో రైతుకి కాసేపు పడుతుంది. దానికి తోడు బిల్లు ప్రోగ్రాం తెరుచుకోకపోతే చేతి బిల్లులు రాయాలి, రాత్రి కూర్చుని బస్తాల లెక్క మళ్ళీ ఎక్కించాలి. బొమ్మ లేకపోయినా బిల్లు వస్తే చాలు మాకు.

పాత స్వింగ్

కౌంటర్ వెనక గారూ, మీ కష్టం నిజమే. కానీ "బొమ్మ లేకపోయినా నడిచింది" వల్ల నేను పడ్డది కూడా వినండి. ఒక మందుల షాపుకి రాసిచ్చాను. బటన్ల మీద మాటలు లేవు, బొమ్మలే. గెట్‌రిసోర్స్ వాడలేదు, ఇమేజ్‌ఐకాన్‌కి నేరుగా ఫైల్ దారి ఇచ్చాను. అలా ఇస్తే ఫైల్ లేకపోయినా అది ఏ ఎక్సెప్షనూ ఇవ్వదు, ఊరుకుంటుంది. ఎవరో డెస్క్‌టాప్ మీద కొత్త షార్ట్‌కట్ చేసుకున్నారు. అందులో ప్రోగ్రాం ఎక్కణ్ణించి మొదలవ్వాలో చెప్పే "స్టార్ట్ ఇన్" ఫోల్డర్ వేరు కావడంతో బొమ్మల దారి తప్పింది. ప్రింట్, డిలీట్ బటన్లు పక్కపక్కనే రెండు తెల్ల గళ్ళు. ఆ వారమే చేరిన కుర్రాడు రెండోది నొక్కాడు. మూడు బిల్లులు పోయాక గానీ ఎవరికీ తెలియలేదు. నాకు ఫోన్ వచ్చేసరికి ఆ కుర్రాడు ఏడుస్తున్నాడు. తప్పు నాది, మాట పడ్డది వాడు.

అందుకే ఆగిపోవాలంటాను.

ముందే పరీక్ష

ఇద్దరి బాధా న్యాయమే. కానీ ఆగాల్సింది కొట్లో కాదు, మన దగ్గర బిల్డ్ అయ్యేటప్పుడు, అంటే జార్ తయారయ్యేటప్పుడు. బొమ్మల పేర్లన్నీ ఒకే ఈనమ్‌లో (కోడ్‌లో పేర్ల జాబితా) పెట్టండి. టెస్ట్‌లో ఒక్కొక్కటీ తెరిచి చూడండి. గెట్‌రిసోర్స్ నల్ కాదని చూస్తే సరిపోదు, బొమ్మ ఫైల్‌ని చదివే ఇమేజ్‌ఐఓ రీడ్‌తో నిజంగా బొమ్మ వచ్చిందో లేదో చూడాలి. ఒక్కోసారి ఫైల్ ఉంటుంది, లోపల పాడైపోయి ఉంటుంది. దీనికి నా రెండు రోజులు పోయాయి.

ఇంకో మాట. ఈ టెస్ట్ తయారైన జార్ మీదే నడపండి. ఫోల్డర్ మీద నడిపితే విండోస్‌లో కోడర్ గారి పెద్దక్షరం తప్పు పాసైపోతుంది. బొమ్మ దారికి ముందు పెట్టే స్లాష్ సంగతి కూడా చూసుకోండి: క్లాస్ మీద గెట్‌రిసోర్స్ పిలిస్తే స్లాష్ అంటే క్లాస్‌పాత్ (జావా ఫైళ్ళు వెతికే చోటు) మొదలు నుంచి అని, క్లాస్‌లోడర్ మీద పిలిస్తే స్లాష్ ఉండకూడదు.

పాత స్వింగ్

ఒప్పుకుంటాను, జార్‌లో ఉన్నవాటికి అదే దారి. మరి కొట్టువాళ్ళు తర్వాత పెట్టుకునే బొమ్మలో? లోగో, బిల్లు కింద వేసే యూపీఐ క్యూఆర్? అవి బయట ఫోల్డర్‌లో ఉంటాయి, మీ టెస్ట్ వాటిని చూడలేదు.

కౌంటర్ వెనక

క్యూఆర్ అనేసరికి నా మాట కొంచెం మార్చుకోవాలి. అది దొరకలేదని శాంపిల్ క్యూఆర్ ఏదన్నా పడితే డబ్బు ఎవరి ఖాతాకి పోతుందో! అక్కడ ఏ బొమ్మా వేయకండి. "క్యూఆర్ లేదు" అని తెలుగులో పెద్దగా వేయండి, మేం నగదు అడుగుతాం. కొట్టు మాత్రం ఆపకండి.

కోనసీమ కోడర్

అందరికీ థాంక్సండీ. నిన్న రాత్రి ముందే పరీక్ష గారు చెప్పినట్టు జార్ మీద టెస్ట్ నడిపాను. ఇంకో రెండు పేర్లు తేడా ఉన్నాయి, రెండూ రిపోర్టుల తెరలోవే. ఆ తెర నెలాఖరుకి గానీ ఎవరూ తెరవరు.

ఆగిపోవాలన్న మాట వదులుకున్నాను. లోగో లేకపోతే కొట్టు పేరు అక్షరాల్లో వస్తుంది. ప్రతి బటన్ మీదా బొమ్మతో పాటు మాట ఉంటుంది. డిలీట్ విషయంలో మాత్రం మా పార్ట్‌నర్‌కీ నాకూ ఇంకా కుదరలేదు: మాట ఉంది కదా నడవనీ అంటాడు. బొమ్మ రాని రోజు ఆ ఒక్క బటన్ పనిచేయకూడదని నేను పట్టుబడుతున్నాను, పాత స్వింగ్ గారి కుర్రాడి సంగతి విన్నాక మరీను.