ఊళ్లో బోరింగు పీకేసి మోటారు దించాలా, మార్క్-3గా మార్చుకోవాలా?

నాగావళి

మాది పార్వతీపురం వైపు చిన్న పల్లె. బడి గోడ పక్కన ఒక చేతిపంపు ఉంది, బోరింగు అంటాం. దాన్ని పీకేసి అదే బోరులో సింగిల్ ఫేజ్ మోటారు దించి, పైన వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టాలని పంచాయతీలో అనుకుంటున్నారు. కుళాయిలు ఊరికి ఇప్పటికే వచ్చాయి, అవి రాని రోజుల కోసమే ఈ బోరు. గ్రామసభలో నేను మాట్లాడాలి. ముందు ఇక్కడ అందరి మాటా వినాలనుంది.

బోరింగు తీయకూడదని నా అభిప్రాయం. అది మార్క్-2 పంపు, దాన్ని మార్క్-3గా మార్చుకుంటే చాలు. ఎండాకాలం వచ్చిందంటే మాది పాడవుతుంది. తీరా విప్పి చూస్తే చాలాసార్లు లోపల పోయేది ఒక చిన్న వాసరు. ఆ వాసరు మార్చాలంటే మండలం నుంచి మనుషులు రావాలి, మూడు కాళ్ల స్టాండు నిలబెట్టాలి, పైపులన్నీ ఒక్కొక్కటిగా పైకి లాగాలి. వాళ్లు వచ్చేదాకా ఊరంతా ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపుతో విసిగిపోయి జనం మోటారు అడుగుతున్నారు. పైపులు కదపకుండా వాసరు మార్చుకునే ఈ మార్క్-3 పంపు ఇండియాలోనే తయారై ముప్పై ఏళ్లు దాటింది. దాని పేరు కూడా మా ఊళ్లో ఎవరూ విన్నట్టు లేరు.

మూసీఒడ్డు

నాగావళి గారూ, కోపం తెచ్చుకోవద్దు, ఒక్క మాట అడుగుతాను. మీ ఇంట్లో ఆ బోరింగు కొట్టేది ఎవరు?

మాది నల్లగొండ జిల్లా. బడికి పోయే ముందు బిందెలు నింపడం ఇంట్లో ఆడపిల్లల పని. ఏప్రిల్ వచ్చేసరికి హ్యాండిల్ కిందికి రాదు, ఇద్దరం వేలాడితే ఒక్కో దెబ్బకు కాసిన్ని నీళ్లు వచ్చేవి. మా అమ్మ భుజం నొప్పి ఈరోజుకీ పోలేదు. నెలలు నిండిన వాళ్లు కూడా కొట్టారు, వేరే దారి లేదు కనుక. నీళ్లు కొట్టేది ఆడవాళ్లు, పిల్లలు. బోరింగు ఉంచాలా తీయాలా అని గ్రామసభలో మాట్లాడేది మాత్రం మగవాళ్లు. మిషన్ భగీరథ కుళాయి ఇంట్లోకి వచ్చాక మా వాడలో ఒక్క ఆడమనిషి కూడా బోరింగు పోయిందని బాధపడలేదు. పంపును ఎంత మెరుగుచేసినా కొట్టేది చేత్తోనే కదా! స్విచ్ వేస్తే నీళ్లొచ్చే వీలుండగా ఇంకా చెయ్యెందుకు?

రెంచీపట్టినచెయ్యి

నేను చాలా ఏళ్లు చేతిపంపుల రిపేరు చేశాను. మూసీఒడ్డు అమ్మా, మీరు చెప్పిన నొప్పి నిజం. అయితే అది ఎక్కడ పుడుతుందో లెక్క వేసి చూద్దాం, అప్పుడు ఏ బోరు ఉంచాలో, ఏది తీయాలో తెలుస్తుంది.

ముందు కాస్త వెనక్కి వెళ్లాలి. 1960ల చివర్లో కరువు వచ్చినప్పుడు యూనిసెఫ్ సాయంతో రాతినేలల్లో యంత్రాలతో సన్నని బోర్లు వేయడం మొదలైంది. వాటి మీద బిగించినవి పోతఇనుము పంపులు. విదేశాల్లో ఒక్క రైతు ఇంటికోసం చేసిన పంపుల నమూనా అది. దాన్ని ఊరంతా పొద్దున్నుంచి రాత్రిదాకా కొడితే ఏం నిలుస్తుంది? 1970ల మొదట్లో సగానికి పైగా పంపులు మూలనపడ్డాయి. అప్పుడు షోలాపూర్‌లో ఒక పంపు గట్టిగా నిలిచింది. ఉక్కు రేకుతో చేసిన తల, లోపల బేరింగు మీద తిరిగే హ్యాండిల్, దానికి గొలుసు, గొలుసుకు రాడ్లు. గొలుసు ఉండటం వల్ల రాడ్లు అటూ ఇటూ ఊగకుండా నిటారుగా కదులుతాయి. ఆ ఆలోచన మీదనే యూనిసెఫ్, కేంద్ర ప్రభుత్వం, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కంపెనీ కలిసి మార్క్-2 తయారుచేశాయి. కోయంబత్తూరు జిల్లాలో పరీక్షించారు. తర్వాత దానికి ఐఎస్ 9301 అనే భారత ప్రమాణం వచ్చింది. ఆఫ్రికాలో కూడా ఎన్నో దేశాలు ఈ పంపునే తీసుకున్నాయి. ఉగాండాలో దీన్ని యు-2 అంటారు, దాని తర్వాతి రకం యు-3.

ఇక లెక్క. బోరు అడుగున నీళ్లను పైకి నెట్టే పిస్టన్ ఒక సిలిండరులో ఆడుతుంది. ఆ సిలిండరు లోపలి వ్యాసం 63.5 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం సుమారు 32 చదరపు సెంటీమీటర్లు. నీళ్లు 30 మీటర్ల లోతులో ఉంటే పిస్టన్ మీద నిలిచే నీటి బరువు దాదాపు 95 కిలోలు. 12 మిల్లీమీటర్ల రాడ్ల బరువు ఇంకో 27 కిలోలు. హ్యాండిల్ నిష్పత్తి 8కి 1 కాబట్టి చేతికి తగిలేది 15 కిలోలు (హ్యాండిల్ సొంత బరువు, రాపిడి వదిలేస్తే). అదే నీళ్లు 60 మీటర్లకు దిగిపోతే 30 కిలోలు. ఏప్రిల్‌లో మీరు వేలాడాల్సి వచ్చింది అందుకే. పంపు అదే, బలం అదే, నీళ్లు మాత్రం కిందికి పోయాయి. అంత లోతులో ఊరివాళ్లతో చేత్తో కొట్టించడం అన్యాయమే, అక్కడ మోటారు పెట్టమని నేనే చెబుతాను.

నీళ్లు ఇరవై, పాతిక మీటర్లలో దొరికే చోట మాట వేరు. ఒక దెబ్బకు 125 మిల్లీమీటర్ల కదలిక, అంటే సుమారు 400 మిల్లీలీటర్లు. నలభై దెబ్బలకు 15 లీటర్ల బిందె నిండుతుంది. పన్నెండేళ్ల పిల్ల కూడా కొట్టగలదు.

మార్క్-2లో చిక్కు ఒకటే. పైపు 32 మిల్లీమీటర్లు, కింద సిలిండరు దానికంటే లావు. అందుకే పిస్టన్ పైపులోంచి పైకి రాదు, అంతా విప్పాల్సిందే. మార్క్-3లో పైపును 65 మిల్లీమీటర్లు చేశారు. పిస్టన్, దాని కింద నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్ వాల్వ్ రెండూ రాడ్లతోపాటు పైపులోంచే బయటికి వస్తాయి. రెండు రెంచీలతో ఇద్దరు మనుషులు ఒక పూటలో పని ముగించొచ్చు. తోలు వాసర్ల బదులు నైట్రైల్ రబ్బరువి వేస్తారు కనుక అవి మన్నుతాయి కూడా.

నాగావళి

ఈ లెక్క నేను గ్రామసభలో బోర్డు మీద వేసి చూపిస్తాను. మా బావులను బట్టి చూస్తే నీళ్లు పాతిక మీటర్లు దాటవు.

మూసీఒడ్డు

రెంచీ అన్నా, లెక్క బాగా చెప్పారు, ఒప్పుకుంటాను. అయితే మార్క్-3 గురించి ఒక పక్కే చెప్పారు. పైపు అంత లావైతే బరువు? ఖర్చు? పైపుకే చిల్లు పడితే?

రెంచీపట్టినచెయ్యి

సరైన ప్రశ్న. 32 మిల్లీమీటర్ల జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) మూడు మీటర్ల ముక్క పది కిలోల దాకా ఉంటే, 65 మిల్లీమీటర్లది ఇరవై కిలోల దాకా ఉంటుంది. పది ముక్కలు దించాలంటే రెండు వందల కిలోలు. కాబట్టి మొదట బిగించేటప్పుడు శ్రమ, ఖర్చు రెండూ ఎక్కువే. పాత పంపును మార్చడమంటే పైపులు, సిలిండరు, తల భాగం కొత్తవి కొనాలి. పాతదాంట్లో మిగిలేది సిమెంటులో పాతిన కాళ్లు, ఇంకొన్ని సామాన్లు. నేల నీళ్లు ఆమ్లంగా ఉంటే జీఐ పైపు తుప్పుపట్టి చిల్లు పడుతుంది, అప్పుడు ఆ బరువంతా మళ్లీ లాగాలి. అందుకే లోతు 30 మీటర్లు దాటితే పెద్ద మార్క్-3 వేయకూడదు. 45 మీటర్ల దాకా అయితే 50 మిల్లీమీటర్ల సిలిండరు, 50 మిల్లీమీటర్ల పైపు రకం ఉంది. దాంట్లో నీటి బరువు తగ్గుతుంది కనుక 45 మీటర్లలో కూడా చేతికి 16 కిలోలే తగులుతుంది. నీళ్లు కూడా తక్కువ వస్తాయి, అది ఒప్పుకోవాలి. బోరు వెడల్పు కూడా చూసుకోండి. నాలుగున్నర అంగుళాల పాత బోరులో 65 పైపు, దాని సాకెట్లు పడతాయి గానీ, లోపల మట్టి జారి బోరు వంకరపోయి ఉంటే ఇరుక్కుంటుంది.

జీడితోట

ఉద్దానం నుంచి రాస్తున్నాను. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. కొబ్బరి చెట్లు, జీడిమామిడి చెట్లు రోడ్లకు అడ్డంగా పడ్డాయి. మోటార్లున్న ఇళ్లలో ట్యాంకులు ఖాళీ. జనరేటరు అద్దెకు తెచ్చినవాళ్ల దగ్గర నీళ్లకోసం గొడవలయ్యాయి. మా వీధిలో పనిచేసే బోరింగు ఒకటి ఉండబట్టి మేం గట్టెక్కాం. మోటారు వద్దని నేను అనను. ఉన్న బోరింగును పీకి అదే బోరులో మోటారు దించడం మాత్రం మా ప్రాంతం వాళ్లెవరూ చేయకూడదు. తుపాను ఏటా రాదంటారు. వచ్చిన ఏడాది మూడో రోజున పసిపిల్లలకు నీళ్లెక్కడ తెస్తారు?

ఒకే బోరులో రెండూ పెట్టే వీలుంది కదా, దాని గురించి ఎవరైనా చెప్పండి.

రెంచీపట్టినచెయ్యి

ఉంది. సోలార్ డ్యూయల్ పంపు అంటారు. కింద సబ్‌మెర్సిబుల్, అంటే నీళ్లలో మునిగి ఉండే మోటారు, దాని పైన చేతిపంపు సిలిండరు. ఎండ ఉన్నప్పుడు మోటారు ట్యాంకు నింపుతుంది, లేనప్పుడు చేత్తో కొట్టుకోవచ్చు. మావోయిస్టు ప్రభావిత జిల్లాల పల్లెలకు కేంద్రం ఇలాంటివి ఇచ్చింది. ఆరు అంగుళాలు, ఆరున్నర అంగుళాల బోరు అయితేనే కుదురుతుంది. నాలుగున్నర బోరులో రెండూ పట్టవు. ప్యానెళ్లు, కంట్రోలరు పాడైతే చూసే మనిషి ఊళ్లో ఉండాలి.

కనిగిరి

లోతు, బరువు అన్నీ మాట్లాడారు. నీళ్ల పరీక్ష మాట ఒక్కరూ ఎత్తలేదు. 1937లోనే మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే జబ్బు, మొదట బయటపడింది మా ప్రాంతంలో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. ఫ్లోరైడు ఉన్న బోరు నుంచి చేత్తో తీసినా మోటారుతో తీసినా ఎముకలు వంగిపోవడం ఆగదు. మోటారు పెడితే ఇంకా ఎక్కువ నీళ్లు, ఇంకా ఎక్కువమంది తాగుతారు. మా పెద్దల కాళ్లు చూసి చెబుతున్నాను. ముందు ల్యాబుకు సీసా పంపండి. ఫ్లోరైడు ఎక్కువుంటే ఎర్ర రంగు వేసి, వాడుకకే అని రాయండి.

మూసీఒడ్డు

కనిగిరి గారి మాట అక్షరాలా నిజం, మర్రిగూడ వైపు మేమూ చూశాం.

నాగావళి గారికి నా జవాబు. తిత్లీ మాట విన్నాక, నీళ్లు పైన ఉన్న ఊళ్లలో బోరింగు ఉండాలంటే కాదనను. అయితే దాన్ని ఆడవాళ్ల నెత్తిన పెట్టి వదిలేయొద్దు. రెంచీలు, వాసర్ల పెట్టె ఎవరింట్లో ఉంటుందో తీర్మానంలో రాయించండి. ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో మహిళా సమాఖ్య వాళ్లు 1990లలోనే, చదువు రాని ఆడవాళ్లకు ఈ మార్క్-2 రిపేరు నేర్పారు. పైపులన్నీ లాగాల్సిన పంపునే వాళ్లు బాగుచేశారు. మార్క్-3 ఇంకా తేలిక. మీ ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లకు నేర్పించి, పంచాయతీ నుంచి కూలి ఇప్పించండి. ఉచిత సేవ అనొద్దు. మోటారు మెకానిక్కుకు డబ్బులిస్తారు కదా, వీళ్లకెందుకు ఇవ్వరు? ఇది లేకుండా మార్క్-3 పెడితే రెండేళ్లకు అదీ మూలనపడుతుంది, అప్పుడు నేను మోటారు వైపే ఉంటాను.

నాగావళి

కూలి సంగతి తీర్మానంలో పెట్టిస్తాను. నీళ్ల సీసా ఈ వారమే పంపుతాను. నీటిమట్టం ఎప్పుడు కొలవాలి, ఎలా కొలవాలి?

రెంచీపట్టినచెయ్యి

మేలో కొలవండి. వానలయ్యాక కొలిస్తే పది మీటర్లు కనిపించి మోసపోతారు. ఈసారి వాసరు మార్చడానికి పైపులు ఎలాగూ తీస్తారు కదా, అప్పుడే బోరులోకి బరువు కట్టిన తాడు దించి తడిసిన చోటుదాకా కొలవండి, అడుగుదాకా ఎంతుందో కూడా చూడండి. రాత్రంతా ఎవరూ కొట్టకుండా ఆపి, తెల్లారి కొలిస్తేనే సరైన లెక్క. బోరు వెడల్పు కూడా అదే పూట రాసుకోండి. ఆ మూడు అంకెలూ ఇక్కడ పెడితే 65 పైపు వేయాలో, 50 వేయాలో చెబుతాను.