నాన్న కంపెనీలో కూతురు డైరెక్టర్ అయితే వాటా వచ్చినట్టేనా?

పరవాడ_పాప: నాన్నది ఫార్మా విడిభాగాల ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. అన్నయ్య ఎండీ. కూతురినైన నన్ను డైరెక్టర్‌గా తీసుకుంటూ, "ఇక నీ వాటా నీకు వచ్చేసినట్టే" అంటున్నారు. సంతకాలకు ముందు ఏం చూడాలి?

గాజువాక_ఆడిటర్: రాలేదమ్మా. డైరెక్టర్‌గా ఉంటానని మీరిచ్చే డీఐఆర్-2 సమ్మతి, నియామకం తెలుపుతూ కంపెనీ 30 రోజుల్లోపు వేసే డీఐఆర్-12 ఫారం, ఇవన్నీ పదవికి సంబంధించినవి. ఆ పదవిని వాటాదారులు మామూలు మెజారిటీతోనే తీసేయగలరు. వాటా అంటే షేర్లు. సభ్యుల రిజిస్టర్‌లో మీ పేరు, ఎన్ని షేర్లో చూడండి. కాగితం షేర్లయితే బదిలీ పత్రం, అంటే ఎస్‌హెచ్-4 ఫారం, దాని మీద సంతకాలైన 60 రోజుల్లోపు కంపెనీకి చేరాలి. చట్టం లెక్కలో చిన్న కంపెనీ కాకపోతే ముందు డీమ్యాట్ (ఎలక్ట్రానిక్ రూపంలోకి మార్పు) చేయించాలి. బదిలీకి బోర్డు అనుమతి కావాలని ఆర్టికల్స్‌లో, అంటే కంపెనీ నియమావళిలో ఉంటుంది, అక్కడే ఎక్కువగా ఆగిపోతాయి. తండ్రి బహుమతిగా ఇస్తే అందుకున్నప్పుడు పన్ను లేదు. తర్వాత అమ్మితే లాభాన్ని తండ్రి కొన్న ధర నుంచి లెక్కిస్తారు.

లాసన్స్‌బే_వకీలు: వాటా కంటే ముందు గ్యారంటీ సంగతి చూడండి. బ్యాంకు లోన్ రెన్యువల్‌లో కొత్త డైరెక్టర్ చేత పర్సనల్ గ్యారంటీ సంతకం పెట్టిస్తారు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 128 ప్రకారం, పత్రంలో వేరేగా రాస్తే తప్ప, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాళ్ల బాధ్యతతో సమానం. పెళ్లయి రాజీనామా చేసినా అది పోదు. బ్యాంకు విడుదల లేఖ చేతికొచ్చేదాకా బాధ్యత మీదే. షేరు ఒక్కటీ లేకుండా కోట్ల అప్పుకి హామీ ఉండటం అన్యాయం. సంతకం తప్పదంటే రూపాయల్లో పరిమితి రాయించండి.

పరవాడ_పాప: ఫ్యాక్టరీ స్థలంలోనైనా హక్కుంటుందా?

లాసన్స్‌బే_వకీలు: కంపెనీ పేరున ఉంటే అది కంపెనీది, నాన్నగారిది కాదు. వారసత్వంగా వచ్చేవి ఆయన షేర్లే. వీలునామా లేకుండా పోతే ఆయన సొంత ఆస్తిలో కొడుకు, కూతురు, భార్య, తల్లి సమాన వారసులు. పిత్రార్జితంలో మన ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన 1986 సవరణతోనే, 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు సమాన హక్కిచ్చింది. 2005 సవరణతో పెళ్లయినవాళ్లకీ వచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

సీతమ్మధార_సీఎస్: "నామినీగా అన్నయ్య పేరుంది, అంతా వాడిదే" అంటే నమ్మకండి. నామినీ యజమాని కాడని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాగే పసుపు కుంకుమల కింద పొలం ఇచ్చామంటే మిగతా హక్కు దానంతటదే పోదు. అయితే రిజిస్టర్ కాని తెల్లకాగితం మీద ఇచ్చిన పొలానికి దస్తావేజు బలం ఉండదు, వెంటనే గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయించండి. అదే రోజు విడుదల దస్తావేజు కూడా ముందు పెడితే ఏయే ఆస్తుల మీద హక్కు వదులుకుంటున్నారో షెడ్యూలు చదవండి. "కంపెనీ షేర్లతో సహా" అన్న మాట ఎక్కువగా అక్కడే ఉంటుంది.