ఊరి బస్సు పట్నం దాకానా, టౌన్ దాకానా?

ప్రశ్న:
ఒక పట్నం, చుట్టూ నాలుగు టౌన్లు, అరవై దాకా ఊళ్లు. ఊరికి రోజుకు రెండే బస్సులు, నేరుగా పట్నానికి. అందుకే అందరూ బైకులెక్కేశారు. ఊరి బస్సుల్ని దగ్గరి టౌన్ దాకానే గంటకొకటి నడిపి, అక్కణ్ణించి పట్నానికి మెయిన్ లైన్ వేస్తే జనం బస్సు మారతారా? బస్సుల సంఖ్య (20) పెరగదు, పాతవి పోయిన చోట ఎలక్ట్రిక్‌వి వస్తాయి.

జవాబు 1:
మారతారు. మారేచోట అరగంట నిలబెడితేనే మళ్లీ బైకు తీస్తారు. అందుకని రూట్ల కంటే ముందు టైంటేబుల్ రాసుకోండి. ఊరి బస్సులన్నీ 55వ నిమిషానికల్లా టౌన్ బస్టాండు చేరి, 05కి కదలాలి. మెయిన్ లైన్‌లో ఒక బస్సు ఆలోపే రావాలి, ఒకటి పోవాలి. అంటే ఊరి రూటు పోయిరావడానికి 50 నిమిషాలు దాటకూడదు. 54 అయిందా, రెండో బస్సు కావాల్సిందే. ఆ నాలుగు నిమిషాలు చాలాసార్లు ఊరి సందులోకి దూరి వెనక్కి తిరిగే దగ్గరే పోతుంటాయి. స్టాపు రోడ్డు మీదికి తెచ్చేయండి.

స్విట్జర్లాండ్ రైళ్లు 1982 నుంచి నడిచేది ఇలాగే. జ్యూరిక్-బెర్న్ ప్రయాణాన్ని 2004లో కొత్త లైనుతో 69 నిమిషాల నుంచి 56కి దించారు. గంటలోపు పడితేనే రెండు చివరలా కనెక్షన్లు కుదురుతాయి మరి.

జవాబు 2:
మెయిన్ లైన్ లెక్క: ఒకవైపు 55 నిమిషాలు, రెండు చివరలా పదేసి నిమిషాల విరామం, మొత్తం 130. ఇరవై నిమిషాలకో బస్సంటే 6.5, అంటే 7 బస్సులు. ఇక్కడే దెబ్బతింటారు: 55 అనేది సగటు. నూటికి 85 ట్రిప్పులు ఎంతలో పూర్తవుతున్నాయో చూడండి. అది 62 అయితే మొత్తం 144, బస్సులు 8. దాన్ని 60కి దించితే 140, మళ్లీ ఏడే! కాబట్టి బస్సు కొనేముందు ఆ రెండు నిమిషాలు వెతకండి: టికెట్ ముందే ఇవ్వడం, రెండు తలుపులూ తెరవడం, ఇరుకు జంక్షన్ దగ్గర బస్సుకు విడిగా ఒక లేన్.

జవాబు 3:
12 మీటర్ల ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకు 1 నుంచి 1.5 యూనిట్లు తాగుతుంది, ఏసీ ఉంటే పై అంకె పట్టుకోండి. 300 యూనిట్ల బ్యాటరీలో 20 శాతం వదిలేస్తే 160 కిలోమీటర్లు. బ్యాటరీ పాతబడి 80 శాతానికి పడితే 128. మెయిన్ లైన్ ఒకవైపు 25 కిలోమీటర్లయినా, రోజుకు ఆరు రౌండ్లంటే 300. ఒక్క చార్జింగ్‌తో అవదు. మధ్యాహ్నం అరగంటకో బస్సు నడిపితే ఆ ఏడింటిలో 5 చాలు, మిగతా రెండూ వంతులవారీగా చార్జింగ్‌కి.

రాత్రి డిపోలో 20 బస్సులూ 60 కిలోవాట్ల చార్జర్లకు ఒకేసారి తగిలిస్తే 1200 కిలోవాట్ల లోడు. ఎనిమిది గంటల్లో ఒక్కోదానికి 240 యూనిట్లు చాలనుకుంటే 600తో సరిపోతుంది, కాస్త నష్టం కలుపుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ అడిగేముందు ఈ లెక్క వేయండి.

ప్రశ్న అడిగినవారు:
మెయిన్ లైన్ ఆలస్యమైతే ఊరి బస్సు ఆగాలా?

జవాబు 1:
ఐదు నిమిషాలు, అంతకు మించి వద్దు. ఎక్కువ ఆపితే ఆ ఆలస్యం తర్వాతి గంటకు అంటుకుంటుంది. చివరి ట్రిప్పుకు మాత్రం ఈ హద్దు లేదు, మెయిన్ లైన్ వచ్చేదాకా ఆగాల్సిందే. ఇది డ్రైవర్ డ్యూటీ షీట్‌లోనే రాయండి, లేకపోతే ఎవరూ ఆగరు.