తెల్లచీర, పట్టీల చప్పుడు లేకపోతే అది హారర్ కాదా? (స్టూడెంట్ షార్ట్ ఫిల్మ్, సలహా కావాలి)

గట్టుమీద_కెమెరా: అందరికీ నమస్కారం అండి. ఫైనలియర్ ప్రాజెక్టుకి పన్నెండు నిమిషాల హారర్ తీస్తన్నాం. కోనసీమలో పాత మండువా లోగిలి దొరికింది, ఎండాకాలం కాలవలు కట్టేశాక షూటింగ్. 96 తుఫాన్లో పోయిన ఒకావిడ ఆ ఇంట్లో తిరుగుతుందని ఊరంతా అనుకుంటారు. మొదటి సగం మామూలే, రాత్రి, తెల్లచీర, విరబోసిన జుట్టు, పట్టీలు, తలుపు దానంతటదే మూసుకోవడం. రెండో సగంలో ఆవిడ ఎవర్నీ ఏం చెయ్యదు, మబ్బు పట్టగానే పెరట్లో ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చి మడతపెట్టి వెళ్ళిపోద్ది. మా గైడ్ సార్ ఇది హారర్ కాదన్నారు. మీరేమంటారు?

పాతరీలు: సార్ చెప్పింది కరెక్టే తమ్ముడూ. హారర్‌కి వచ్చినోడు భయపడ్డానికే వస్తాడు. నియమం బద్దలు కొట్టాలంటే ముందు దాన్ని గట్టిగా నిలబెట్టాలి. 1960లో వచ్చిన సైకో సినిమాలో డైరెక్టర్ హిచ్‌కాక్ హీరోయిన్ని సగం కూడా అవ్వకుండానే చంపేశాడు, జానెట్ లీ అంత పేరున్న స్టార్ కాబట్టి ఆవిడ చివరిదాకా ఉంటదని జనం నమ్మారు, అందుకే అదిరిపోయారు. నువ్వు నమ్మకమే కలిగించకుండా బట్టలు మడతపెట్టిస్తే ఎవడికి కావాలి.

లంకలమ్మాయి: అసలు రాత్రి ఎందుకండీ? మా అమ్మమ్మ రాత్రి గురించి ఎప్పుడూ భయపెట్టలేదు, మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందకి పోవద్దు, చెరువు దగ్గరికి పోవద్దు అనేది. ఆ టైంలో కొబ్బరితోటలో నిలబడితే ఆకుల నీడలు ఒంటిమీద గీతల్లా పడతాయి, పిట్ట కూడా అరవదు. అది తియ్యొచ్చుగా.

పాతరీలు: పగలు ఎవడూ భయపడడు అండి. కనిపించకపోవడమే భయం.

లంకలమ్మాయి: అన్నీ కనిపిస్తున్నా మనిషన్నవాడు కనిపించకపోతే? ఇంటినిండా వెలుతురుండి పిలిస్తే ఎవరూ పలక్కపోతే?

పాతరీలు: మళ్ళీ అదే మాట. మీ అమ్మమ్మ గారు చెప్పింది పిల్లలు ఎండదెబ్బ తగిలించుకోకుండా, చెరువులో పడకుండా చెప్పిందండి. సినిమా రూల్ కాదది.

మైకు_అబ్బులు: పగలైతే సౌండ్ కష్టం బాబూ, తోటలో గాలికి మైకు మీద బొచ్చుకవర్ లేకపోతే ఒక్క డైలాగూ పనికిరాదు.

లంకలమ్మాయి: పగలూ రాత్రీ వదిలేద్దాం. తెల్లచీర ఎందుకు? కథలో ఆవిడకి మొగుడున్నాడా లేదా? ముత్తైదువుగా పోయినావిడకి పసుపూ కుంకుమా పెట్టి రంగుచీర కడతారు మన దగ్గర. తెల్లచీర ఎవరు కట్టారు ఆవిడకి?

పాతరీలు: దెయ్యానికి యూనిఫాం అండి అది, చూడగానే తెలియాలి! ప్రతిదానికీ మీ ఊరి ఆచారాలు పట్టుకొస్తే ఎలా. నేనూ స్టూడెంట్‌గా ఉన్నప్పుడు ఇలాగే కొత్తగా తీస్తానని దెయ్యం చేత ఏడిపించాను. హాలంతా నవ్వారు. మా టీంలో కెమెరా చేసినవాడు మళ్ళీ నాతో మాట్లాడలేదు, నేను మళ్ళీ కెమెరా ముట్టుకోలేదు. ఈ కుర్రోడికి ఆ గతి పట్టకూడదనే ఇంత చెప్తన్నాను, మీరేమో చీర రంగు దగ్గర ఆగిపోయారు.

దివిసీమ77: ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

లంకలమ్మాయి: నెమ్మదించను. నవంబరు 6 రాత్రి, దీపావళి ఇంకో నాలుగు రోజులుందనగా మా పిన్ని ఉప్పెన నీళ్ళల్లో పోయింది. మనిషి దొరకలేదు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ ఏడంతా మా అమ్మ రాత్రిళ్ళు వీధి తలుపు గడియ పెట్టనిచ్చేది కాదు, చెల్లి వస్తే ఎవరు తీస్తారు అని. గాలికి తలుపు కొట్టుకుంటే లేచి కూర్చునేది, భయంతో కాదు, వచ్చిందేమోనని. మీరు యూనిఫాం అంటున్నారే, ఆ యూనిఫాం మా పిన్నికి తొడిగి జనాన్ని అరిపించడం నాకు ఇష్టం లేదు. పొద్దున్నించీ నేను మాట్లాడుతున్నది దాని గురించే, చెప్పడం రాలేదు.

పాతరీలు: నాకు తెలీదమ్మా. యూనిఫాం అన్నమాట వెనక్కి తీసుకుంటన్నాను. కానీ తమ్ముడికి చెప్పేది మార్చుకోను, మొదటి సగంలో భయం ఉండాల్సిందే. తలుపు కొట్టుకుంటన్నప్పుడు చూసేవాడి గుండె జారాలి. అప్పుడే ఆ ఇంట్లో వాళ్ళు గడియ ఎందుకు తీసి ఉంచారో తెలిసినప్పుడు వాడికి తగులుద్ది. తలుపు దానంతటదే మూసుకోవడం తీసెయ్యి తమ్ముడూ, తెరుచుకునే ఉండనీ.

లంకలమ్మాయి: భయపెట్టండి, వద్దనను. ఆవిడ మొహం చూసి మాత్రం కాదు.

గట్టుమీద_కెమెరా: అక్కా, నాకసలు ఆ ఏడాది గురించి ఇంట్లో విన్న రెండు మూడు మాటలు తప్ప ఏం తెలీదు, తుఫాను పేరు కథకి బాగుంటదని పెట్టేశాను. మీకు ఇబ్బంది లేకపోతే ఒక్కటి అడుగుతాను. పిన్ని గారు ఏ చీర కట్టుకునేవారు?

లంకలమ్మాయి: నేత చీరలు. మామిడిపండు రంగుది ఒకటి ఉండేది, ఎర్రంచు. జుట్టు ఎప్పుడూ ముడే, పనిలో విరబోసుకునే తీరికెక్కడిది. పట్టీలు లేవు, పెళ్ళయ్యాక తీసేసింది. మెట్టెలుండేవి.

మైకు_అబ్బులు: మెట్టెలైతే గచ్చు మీద నడిపించు బాబూ, టక్ టక్ మని సన్నగా వస్తది, మట్టి మీద అస్సలు రాదు. చప్పుడు విడిగా తీసుకో, మధ్యాహ్నం రెండింటికి ఇల్లంతా పడుకున్నప్పుడు.