వానొస్తే లింకు పడిపోతోంది, తప్పు వానదేనా? (మియాపూర్ – పటాన్‌చెరు, 5.8 గిగాహెర్ట్జ్)

మియాపూర్_కేబుల్
అందరికీ నమస్తే. మాది చిన్న కేబుల్, ఇంటర్నెట్ వ్యాపారం. మియాపూర్‌లో మేడ మీద ఒక డిష్, పటాన్‌చెరులో గోడౌన్ మీద ఒక డిష్, ఆ రెంటి మధ్య తీగ లేకుండా గాలిలో నడిచే లింకు, దూరం సుమారు 10 కిలోమీటర్లు. లైసెన్సు అక్కర్లేని 5.8 గిగాహెర్ట్జ్. మామూలు రోజుల్లో సిగ్నల్ మైనస్ 63 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు) దగ్గర ఉంటుంది. గట్టి వాన పడిందంటే మైనస్ 80కి జారిపోతుంది, కస్టమర్ల ఫోన్లు మొదలు. సామాను అమ్మే అతను వచ్చి చూసి, "వానకు ఏం చేయలేం సార్, 80 గిగాహెర్ట్జ్ లింకు వేయించుకోండి, స్పీడూ పెరుగుతుంది" అంటున్నాడు. రేటు వింటేనే టెన్షన్. వేయించాలా, వద్దా?

నల్లమబ్బు
వాన వస్తే పడుతోంది, ఆగితే లేస్తోంది. ఇందులో చర్చ ఏముంది బ్రో? మైక్రోవేవ్‌కు వాన శత్రువని కాలేజీలోనే చెప్తారు. 80 కాకపోయినా 15కో 18కో మారండి. లైసెన్సు బ్యాండ్లు కాబట్టి పక్కవాడి గోల కూడా ఉండదు.

ఆర్ఎఫ్_పాతకాపు
నల్లమబ్బు గారూ, శత్రువే, కాదనను. కానీ ఏ ఫ్రీక్వెన్సీకి? పెద్ద చినుకు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. 5.8 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 5 సెంటీమీటర్ల పైనే. అంత తరంగం అంత చినుకును పెద్దగా లెక్కచేయదు. 15 దగ్గర తరంగం 2 సెంటీమీటర్లకు దిగుతుంది. 80 దగ్గరైతే 4 మిల్లీమీటర్ల లోపే, అంటే ఇంచుమించు చినుకంత. అప్పుడు చినుకు శక్తిని కొంత మింగుతుంది, కొంత చెదరగొడుతుంది.

ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) సూత్రంతో లెక్క కడితే, గంటకు 100 మిల్లీమీటర్ల చొప్పున వాన దంచుతున్నప్పుడు కిలోమీటరుకు పోయేది 6 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు 1 డీబీ (ప్రతి 10 డీబీ నష్టానికి సిగ్నల్ పదో వంతే మిగులుతుంది), 15 దగ్గర సుమారు 8, 80 దగ్గర సుమారు 30. అంత వాన 10 కిలోమీటర్ల పొడవునా ఒకేసారి పడదు కూడా. కుండపోత కురిసే మేర కొన్ని కిలోమీటర్లే. సగం దారి తడిసిందనుకున్నా మీకు పోవాల్సింది 5 డీబీ. పోతున్నది 17. మిగతా 12 డీబీలు ఎవరు తింటున్నారు?

మియాపూర్ గారూ, ఒక్కటి చెప్పండి. వాన ఆగాక సిగ్నల్ మళ్లీ మైనస్ 63కి రావడానికి నిమిషాలు పడుతోందా, గంటలు పడుతోందా?

మియాపూర్_కేబుల్
గంటలే సార్. సాయంత్రం వాన పడితే మర్నాడు ఎండ బాగా ఎక్కేదాకా పూర్తిగా రాదు.

టవర్_పైకి
అన్నా, అసలు సంగతి అదే, ముందే చెప్పాల్సింది! గాలిలో వాన ఆగిన రెండు నిమిషాల్లో లింకు లేవాలి. ఎండ కోసం ఎదురుచూస్తోందంటే నీళ్లు గాలిలో లేవు, మీ సామానులో ఉన్నాయి.

రేడియో నుంచి డిష్‌కు వెళ్లే జంపర్ (పొట్టి కేబుల్) చూడండి. తొందరపడే పిల్లలు టేపును పైనుంచి కిందికి చుట్టేస్తారు. అప్పుడు ప్రతి చుట్టు అంచూ నోరు తెరిచి పైకి చూస్తుంటుంది, కారే నీళ్లన్నీ లోపలికే. కింది నుంచి పైకి చుట్టుకుంటూ రావాలి, పెంకుటింటి కప్పులా పైది కిందిదాన్ని కప్పాలి. జంపర్‌ను కనెక్టర్ కన్నా కిందికి ఒక వంపు తిప్పి పెట్టాలి, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. కనెక్టర్ విప్పి చూడండి, పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. పై తొక్క కాస్త కోస్తే లోపలి అల్లిక తీగ నల్లబడి కనిపిస్తుంది. అలా ఉంటే ఆరబెట్టి మళ్లీ బిగించొద్దు, పారేయండి. ఒకసారి కేబుల్‌లోకి నీరు పాకిందంటే అది ఇక పనికిరాదు.

నల్లమబ్బు
అన్ని లింకులకూ జంపరేనా జబ్బు? టవర్ల మీది 15 గిగాహెర్ట్జ్ లింకులు వానలో పడడం నేను కళ్లారా చూశాను. ఇంకో మాట. దూరం వెళ్లేసరికి సిగ్నల్ ఎంత తగ్గుతుందో చెప్పే సూత్రం పుస్తకంలో చూడండి: 92.45కు, కిలోమీటర్లలో దూరం లాగరిథమ్‌కు 20 రెట్లు, గిగాహెర్ట్జ్‌లలో ఫ్రీక్వెన్సీ లాగరిథమ్‌కు 20 రెట్లు కలపాలి. 5.8కి 10 కిలోమీటర్లలో నష్టం 128 డీబీ. 80కి వెళ్తే అదనంగా 23 డీబీ. అంటే ఫ్రీక్వెన్సీ పెరిగితే వాన లేకపోయినా గాలే ఎక్కువ తింటుంది. అందుకే నేను 15 అన్నాను, 80 అనలేదు.

ఉస్మానియా_ఈసీఈ
లింకులు వానలో పడతాయన్నది నిజం. కానీ సూత్రాన్ని మాత్రం చాలామంది ఇలాగే చదువుతారు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆ 128 డీబీలో గాలి తిన్నది దాదాపు ఏమీ లేదు. తరంగం దూరం వెళ్లేకొద్దీ విస్తరిస్తుంది, మన వాటా పలచబడుతుంది, అంతే. మరి ఫ్రీక్వెన్సీ ఎందుకొచ్చింది? ఆ సూత్రం రెండు కొసల్లోనూ అన్ని దిక్కులకూ ఒకేలా పంపే ఊహా యాంటెన్నా ఉందనుకుంటుంది. అలాంటి యాంటెన్నా తరంగాన్ని పట్టే వైశాల్యం తరంగం పొడవు వర్గాన్ని బట్టి ఉంటుంది. తరంగం చిన్నదైతే అది పట్టే ముక్క చిన్నదవుతుంది. ఆ నష్టం యాంటెన్నాది, గాలిది కాదు. 1946లో రేడియో ఇంజినీరు ఫ్రిస్ అచ్చేసిన సూత్రాన్ని వైశాల్యాలతో రాసి చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

మనం వాడేది ఊహా యాంటెన్నా కాదు, డిష్. అదే 60 సెంటీమీటర్ల డిష్ 80 దగ్గర ఒక్కో కొసకు 23 డీబీ ఎక్కువ గెయిన్ (సిగ్నల్‌ను ఒకే దిక్కుకు కూడగట్టే బలం) ఇస్తుంది. రెండు కొసలకు 46 వచ్చి 23 పోయింది. అంటే ఎండ కాసే రోజున అదే పవర్‌తో, అదే డిష్‌లతో 80 గిగాహెర్ట్జే మెరుగు! దానికి చెల్లించే మూల్యం వేరే చోట ఉంది. 5.8 దగ్గర ఆ డిష్ పుంజం వెడల్పు సుమారు 6 డిగ్రీలు, 80 దగ్గర అర డిగ్రీ కూడా ఉండదు. పోల్ గాలికి ఊగితే గురి తప్పుతుంది.

ఆర్ఎఫ్_పాతకాపు
దీనికి ఒక్కటి కలుపుతాను. దూరం రెట్టింపైతే ఆ 128 డీబీకి 6 మాత్రమే కలుస్తుంది. వాన నష్టం అలా కాదు, తడిసే దూరం రెట్టింపైతే డీబీలే రెట్టింపవుతాయి. ఒక కిలోమీటరుకు 30 అయితే రెండుకు 60. ఏ రేడియో ఫేడ్ మార్జిన్ (సిగ్నల్ తగ్గినా లింకు నిలవడానికి చేతిలో ఉంచుకునే అదనపు బలం) దాన్ని తట్టుకుంటుంది? 80 గిగాహెర్ట్జ్ మన ఊళ్లో ఒకటి రెండు కిలోమీటర్లకు చక్కటి బ్యాండ్. 10 కిలోమీటర్లకు దాన్ని అంటగట్టడం అన్యాయం. మీకు అమ్మజూపుతున్నతను వానకు మందని చెప్పి వానకు అన్నిటికన్నా ఎక్కువ బెదిరేదాన్ని ఇస్తున్నాడు.

నల్లమబ్బు
సరే, 80 వదిలేద్దాం. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్లు పడింది. అలాంటి రోజు మీ 5.8 కూడా నిలవదు.

ఉస్మానియా_ఈసీఈ
రోజు మొత్తం వాన లింకుకు తెలియదండీ. 24 సెంటీమీటర్లను 24 గంటలకు పంచితే గంటకు 10 మిల్లీమీటర్లే. లింకును పడగొట్టేది ఆ నిమిషంలో ఎంత జోరుగా పడుతోందన్నది. జూలైలో రోజంతా పడే ముసురు కన్నా మేలో ఈదురుగాలితో ఇరవై నిమిషాలు కొట్టే వాన లింకులకు ప్రమాదం. డిజైన్ చేసేటప్పుడు చూసేది కూడా ఏడాదిలో 0.01 శాతం సమయం, అంటే దాదాపు 53 నిమిషాల పాటు మించే వాన జోరునే. 99.99 శాతం లింకు అని అమ్మేవాడి మాటకు అర్థం ఏడాదికి ఆ 53 నిమిషాలు పోవచ్చని.

ఫైబర్_పక్షం
ఫైబర్ లాగండి, ఈ గోలంతా పోతుంది.

టవర్_పైకి
లాగొచ్చు. ఆ రోడ్డులో ఏ జేసీబీ ఎప్పుడు తెంపుతుందో మీరు చెప్పండి, ముహూర్తం చూసుకుని లాగుతారు.

మియాపూర్_కేబుల్
ఇంకో విషయం కూడా ఉంది. జనవరిలో వాన చుక్క లేకుండానే తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు మధ్య సిగ్నల్ పైకీ కిందికీ ఊగేది. మా లైను అమీన్‌పూర్ చెరువు అంచు మీదుగా పోతుంది. దారిలో కొత్త అపార్ట్‌మెంట్లు కూడా లేచాయి. మేడ మీద నుంచి బైనాక్యులర్స్‌తో చూస్తే గోడౌన్ పోల్ కనిపిస్తూనే ఉంది.

ఆర్ఎఫ్_పాతకాపు
అది వేరే జబ్బు. చలికాలం, గాలి కదలని రాత్రి నేల చల్లబడుతుంది, కొంచెం పైన గాలి వెచ్చగా ఉంటుంది. ఆ పొరల్లో తరంగం వంగి రెండు మూడు దారుల్లో వస్తుంది. చెరువు నీళ్ల మీద పడి వచ్చేది ఇంకొకటి. అవి కలిసినప్పుడు ఒకదాన్నొకటి ఒకసారి పెంచుకుంటాయి, ఒకసారి కొట్టేసుకుంటాయి. ఎండ తగిలి గాలి కలగలిసిపోగానే సద్దుకుంటుంది. మీరు చెప్పిన వేళలు అచ్చం దానివే.

కంటికి కనిపిస్తే చాలదు. లైను చుట్టూ తరంగం పరుచుకుని వెళ్లే చోటు, అంటే ఫ్రెనెల్ జోన్ కూడా ఖాళీగా ఉండాలి. 5.8 గిగాహెర్ట్జ్, 10 కిలోమీటర్లకు నడిమధ్యన దాని వ్యాసార్ధం 11 మీటర్ల పైన. అందులో కనీసం 60 శాతం, అంటే లైను కింద ఏడు మీటర్లు ఏ వాటర్ ట్యాంకూ దూరకూడదు. భూమి వంపు కూడా కలుపుకోండి.

టవర్_పైకి
10 కిలోమీటర్లకు నడిమధ్యన భూమి వంపు మీటరున్నర సార్. దానికోసం ఎవరూ నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. కొత్త బిల్డింగ్ అడ్డమైతే సిగ్నల్ రోజంతా తక్కువుండాలి, మైనస్ 63 వచ్చేది కాదు. చెరువు ప్రతిబింబమే అనుకుంటే ఒకవైపు డిష్‌ను మీటరో రెండో కిందికి దించి చూడండి. మేడ పిట్టగోడే ఆ నీళ్ల దారికి అడ్డమవుతుంది. కాకపోతే ఫ్రెనెల్ జోన్‌కు తగలకుండా చూసుకోవాలి.

నల్లమబ్బు
ఇంటర్‌ఫెరెన్స్ (పక్కవాళ్ల సిగ్నళ్ల గోల) మాట ఎవరూ ఎత్తలేదు. మియాపూర్‌లో 5.8 అంటే సంత.

ఆర్ఎఫ్_పాతకాపు
మంచి మాట. పట్టుకోవడం సులువే. సిగ్నల్ మైనస్ 63 దగ్గర కదలకుండా ఉండి, సిగ్నల్‌కూ నాయిస్‌కూ మధ్య తేడా మాత్రం తగ్గితే అది పక్కవాడి గోల. ఇక్కడ సిగ్నలే జారుతోంది కాబట్టి ఈ కేసులో అది రెండో అనుమానితుడు.

మియాపూర్_కేబుల్
80 ఆలోచన మానుకున్నాను. ఆదివారం వాన లేకపోతే పటాన్‌చెరు వైపు జంపర్ మార్పిస్తాను. బీరంగూడలో తెలిసినవాళ్ల మేడ ఉంది, చెరోవైపు ఐదేసి కిలోమీటర్లుగా రెండు హాప్‌లు (రెండు చిన్న లింకులు) చేస్తే ఎలా ఉంటుంది?

టవర్_పైకి
జంపర్లు రెండువైపులా ఒకే రోజు మార్చకండన్నా, ఒక వాన చూశాక రెండోది మార్చండి. రెండు హాప్‌లు మంచిదే, ఒక్కో హాప్‌కు 6 డీబీ కలిసొస్తుంది. కానీ మధ్యలో కరెంటు పోతే రెండువైపులా పోతుంది. ఆ మేడ ఓనరుతో ఇన్వర్టర్ పెట్టుకునే చోటు, అర్ధరాత్రి పైకెక్కడానికి తాళంచెవి, ఈ రెండూ కాగితం మీద రాయించుకోండి. తెలిసినవాళ్లయినా సరే.