బొంకవచ్చు నఘము: వొందదా, బొందదా?

అమలాపురం:
నెవాడాలో ఉంటున్న మా మేనల్లుడు ఆన్‌లైన్ పోకర్ క్యాష్ ఆటల్లో బ్లఫ్ (చేతిలో మంచి ముక్కలు లేకపోయినా ఉన్నట్లు పందెం కాయడం) ఎప్పుడు చెల్లుతుందో, ఎప్పుడు చెల్లదో వివరిస్తూ తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాడు. అక్కడ ఆ ఆట 2013 నుంచి చట్టబద్ధం. మన రాష్ట్రం 2020లో నిషేధించిన సంగతి వాడికీ తెలుసు. "మామయ్యా, బ్లఫ్‌కు మన భాషలో సరైన మాట ఏది?" అని నిన్న రాత్రి అడిగితే 'బొంకు' అన్నాను. అన్న వెంటనే, బొంకినా పాపం లేని సందర్భాల్లో విత్తభంగాన్ని కూడా చేరుస్తూ పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలికి చెప్పిన ఆటవెలది నోటికి వచ్చింది గాని, చివరి పాదంలో ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను. "బొంకవచ్చు నఘము" తరువాత "వొంద దధిప" అనాలా, "బొంద దధిప" అనాలా? మా నాన్నగారి భాగవతం 1986 వరదలో తడిసింది. ఎదుటి పేజీ సిరా అంటుకుని, సరిగ్గా ఆ చోట ఒక సున్నా, దాని పక్కన 'ద' మాత్రమే మిగిలాయి. రాత్రంతా ఆ అక్షరమే నన్ను వేధించింది.

పాలకొల్లు:
సందేహం అక్కరలేదండి, 'వొంద'యే. 'అఘము' ప్రథమాంతం, దాని మీది పరుషానికి గసడదవాదేశం వచ్చింది, అంటే 'పొంద'లోని పకారం వకారమైంది. "పాపం అంటదు" అని అర్థం. 'బొంద' కావాలంటే అఘమును ద్వితీయగా తీసుకుని ద్రుతం (చివరి నకారం) మీద సరళాదేశం, అంటే పకారం బకారం కావడం, చెప్పాలి. అప్పుడు పాపాన్ని పొందనిది ఎవరు? ఎదుట ఉన్న బలిని "అధిపా" అని పిలుస్తూ 'పొందదు' అనరు, 'పొందవు' అంటారు.

ద్రాక్షారామం:
మాస్టారి మాట కాదనడానికి నాకు సాహసం చాలదు గాని, మా తాతగారు ఈ పద్యాన్ని 'బొంద' అనే నేర్పారు, ఆయన పాఠం వెనుక ఒక ఆలోచన ఉంది. పాపాన్ని పొందనిది బలి కాదు, బొంకు. "బొంకవచ్చు" అన్న తరువాత ఆ బొంకే కర్త, అది అమహత్తు, కనుక 'పొందదు' సరిపోతుంది. కొద్ది పద్యాల తరువాత బలి నోట పోతన "గర్వోన్నతిం బొందరే" అననే అన్నాడు. ఆ "కారే రాజులు" పద్యాన్ని తాతగారు గోదావరి గట్టు మీద నడుస్తూ గొంతెత్తి చదివితే "వారేరీ" దగ్గర ఆయనకు మాట ఆగిపోయేది. అంత పెద్ద ప్రశ్నను అంత చిన్న మాటల్లో అడిగిన కవి మరొకడు నాకు కనిపించలేదు.

పాలకొల్లు:
"గర్వోన్నతిం బొందరే"లో ద్వితీయ స్పష్టంగా ఉంది, కర్తలు రాజులు. అది నా వాదానికే సాక్ష్యం. ద్రుతం ఉన్న చోట పోతన ఎలా రాశాడో అది చూపుతోంది.

రాజమహేంద్రవరం:
మా ఊరి నన్నయను మరిచిపోతే ఎలా? శకుంతల చేత చెప్పించిన పద్యం చివర "సూనృతవాక్యము మేలు సూడఁగన్" అన్నాడు. 'మేలు' మీద చకారం సకారమైనట్లే 'అఘము' మీద పకారం వకారమవుతుంది. అయితే చిన్నయసూరి ఆ ఆదేశాన్ని 'బహుళము' అన్నాడు కనుక తప్పనిసరి అని ఎవరూ పట్టుబట్టలేరు. యతి కూడా తీర్పు చెప్పదు, బొం–వొం, బొం–బొం రెండూ చెల్లుతాయి. నాకు తోచినంతవరకు సంస్కృత మూలం ద్రాక్షారామం వారి వైపే కొంచెం మొగ్గుతోంది. అక్కడ "నానృతం స్యాజ్జుగుప్సితమ్" అని ఉంది. నిందకు గురికానిది అనృతమే, మనిషి కాదు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. మూలంలో "స్త్రీషు నర్మవివాహే చ" అన్నారు. భారతంలో శర్మిష్ఠ యయాతికి చెప్పే శ్లోకం కూడా "న నర్మయుక్తం వచనం హినస్తి" అనే మొదలవుతుంది. నర్మమంటే పరిహాసం, వినోదం. పేకాడేవాడికి నీడనిచ్చేది ఆ ఒక్క మాటే, పోతన దాన్నే వదిలేశాడు. మూలంలోని 'వృత్త్యర్థే' (బతుకుతెరువు కోసం) పోతన చెవిలో 'విత్త'గా మారిందని నా ఊహ.

పాలకొల్లు:
ఆ ఊహ అనవసరం. మీరు చెప్పిన భారత శ్లోకంలోనే "సర్వధనాపహారే" అని ఉంది కదా, విత్తం అక్కడి నుంచి వచ్చి ఉండవచ్చు.

భీమవరం:
వ్యాకరణంలో మీ ముందు నిలవలేను గాని, పేకముక్కల సంగతి కొంత తెలుసు. ఆ విత్తం దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. "విత్తభంగమందు" అంటే ఉన్న సొమ్ము పోతున్నప్పుడు అని. పోకర్‌లో మధ్యలోకి నెట్టిన సొమ్ము ఇక ఎవరిదీ కాదు. నేను అందులో ఎంత పెట్టానన్నది మరిచిపోయి, ఇప్పుడు ఎంత పెడితే ఎంత వస్తుందని మాత్రమే లెక్క చూసుకోవాలి. పెట్టింది పోతుందనే బాధతో చేసే బ్లఫే అన్నిటికన్నా చెడ్డది. శుక్రుడి మినహాయింపు సరిగ్గా ఆ తప్పునే సమర్థిస్తుంది.

లెక్క ఇది. చివరి ముక్క పడింది, మధ్యలో 100 ఉంది, నా చేతిలో ఉత్తి ముక్కలు, 100 పందెం కాశాను. అవతలివాడు రెండుసార్లకు ఒకసారి కన్నా ఎక్కువగా ముక్కలు పారేసి తప్పుకుంటేనే నాకు లాభం. వాడు తప్పుకోకుండా 'చూస్తే', అంటే నా పందేనికి సమానంగా కడితే, 100 పెట్టి 200 కోసం ఆడినట్లు కనుక మూడుసార్లలో ఒకసారి గెలిస్తే వాడికి నష్టం లేదు. అందుకే అంత పందెం కాసినప్పుడు రెండుసార్లు నిజంగా ముక్క ఉండి, ఒకసారి లేకుండా ఉంటే, చూడాలో పారేయాలో వాడికి తేలదు. 50 మాత్రమే కాస్తే మూడుసార్లలో ఒకసారి పారేసినా నాకు సరిపోతుంది, కానీ అప్పుడు నా ఉత్తి పందేలు నాలుగింట ఒకటికి మించకూడదు. ఏ ఉత్తి ముక్కలతో కాయాలన్నదీ గుడ్డిగా తేల్చేది కాదు. బల్ల మీద మూడు ఇస్పేట్లు పరిచి ఉండి, ఇస్పేటు ఆసు నా చేతిలో ఉంటే, అవతలివాడి దగ్గర ఇస్పేట్లలో అన్నిటికన్నా పెద్ద ఫ్లష్ (ఒకే గుర్తు ఉన్న ఐదు ముక్కలు) ఉండే వీలు లేదు. అలాంటి ముక్కతో కాయాలి. ఎంత కాసినా చూసేవాడి మీద మాత్రం అసలు కాయకూడదు. క్యాష్ ఆటలో పోయిన సొమ్మును మళ్లీ తెచ్చుకుని కూర్చోవచ్చు గనుక అలాంటివాళ్లు తరచుగా తగులుతారు.

ఇందులో బొంకు ఎక్కడుంది? నోరు విప్పింది లేదు, తెర మీద ముఖం కూడా కనిపించదు. పందెం పరిమాణం, దానికి పట్టిన సమయం, అంతకు ముందు ఆడిన తీరు, ఇవే కనిపిస్తాయి. వాక్యమే లేనప్పుడు అసత్యం ఎక్కడిది? దీనికి 'బింకం' అనే మాట సరిపోతుంది.

ద్రాక్షారామం:
బింకంలో పట్టుదల ఉంది గాని వంచన లేదు. చేతిలో ఏమీ లేకుండా ఎదుటివాణ్ణి తోలేయడానికి మనకు 'మేకపోతు గాంభీర్యం' ఉండనే ఉంది. గుహలో సింహం ఎదురుపడితే పారిపోకుండా నిలబడిన మేకపోతుది కదా అసలైన బ్లఫ్.

రాజమహేంద్రవరం:
ఆ మేకపోతు నోరు విప్పింది. ఇన్ని పులులను, ఏనుగులను తిన్నానని చెప్పింది. భీమవరం వారి వాదం ప్రకారం అది బొంకే. మౌనంగా మోసగించడానికి ఉదాహరణ కావాలంటే ద్రోణపర్వానికి వెళ్లాలి. అక్కడ ధర్మరాజు 'కుంజర' అన్న మాటను వినబడకుండా అన్నాడు. అసత్యం మాటలో లేదు, గొంతు తగ్గించడంలో ఉంది. పందెం పరిమాణంతో చెప్పేది కూడా అలాంటిదే కాదా?

భీమవరం:
అక్కడ ఉన్న ఏనుగును దాచారు. ఇక్కడ లేని ఏనుగును చూపిస్తున్నాం.

పాలకొల్లు:
ఏనుగుల సంగతి తరువాత చూద్దాం. 'అఘము' ప్రథమాంతం కాదని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు.

అమలాపురం:
మా వాడు ఇదంతా చదివి, ప్రస్తుతానికి 'బ్లఫ్' అనే ఉంచేస్తున్నానని చెప్పాడు. భీమవరం వారి లెక్కను మాత్రం వాడుకోవచ్చా అని అడిగాడు. నాకు ఆ అక్షరం ఇంకా తేలలేదు. అంబాజీపేటలో మా పెద్దమ్మగారి ఇంట్లో ఇంకా పాత ముద్రణ ఒకటి, వరద నీరు ఎక్కని అటక మీద ఉంది. ఆదివారం వెళ్లి అష్టమస్కంధం తెరిచి, ఆ పేజీ ఫోటో తీసి పెడతాను.

ద్రాక్షారామం:
సున్నాకు ముందు అరసున్న ఉందో లేదో కూడా దగ్గరగా తీయండి. 'నఘముఁ' అని ఉంటే మా తాతగారు గెలిచినట్లే.